పెట్రోలింగ్ బండికి సామాను బిగించే ఖర్చు: ఎస్టిమేట్ ఎలా వేయాలి

పోలీసు పెట్రోలింగ్ బండి సగం డ్యూటీ నిలబడే చేస్తుంది. అలిపిరి దగ్గరైనా, రేణిగుంట రోడ్డు మీదైనా, మొగిలి ఘాట్ మలుపులోనైనా లైటు తిరుగుతూ, వైర్‌లెస్ సెట్ మోగుతూ గంటల తరబడి ఒకే చోట ఉంటుంది. ఎస్టిమేట్ వేసేవాళ్లు చాలామంది ఈ సంగతి వదిలేసి క్యాటలాగ్ ముందు పెట్టుకుంటారు. లైట్ బార్ ఇంత, సైరన్ ఇంత, స్టిక్కర్ ఇంత అని వరసగా రాసి, కింద 'వైరింగ్, ఫిట్టింగ్' అని ఒక చిన్న అంకె పడేస్తారు. ఆరు నెలలు తిరగకముందే బ్యాటరీ చచ్చి, బండిని తోసి స్టార్ట్ చేయాల్సిన గతి పడుతుంది.

అందుకే లెక్క కరెంటు దగ్గర మొదలుపెట్టండి. మీరు జిల్లా పోలీసు ఎం.టి. (మోటార్ ట్రాన్స్‌పోర్ట్) సెక్షన్‌లో ఉన్నా, కొటేషన్ ఇచ్చే వర్క్‌షాప్ నడుపుతున్నా, పోలీసులకు బండి విరాళంగా ఇవ్వాలనుకునే కంపెనీ తరఫున వచ్చినా వరస ఇదే.

1. బండి ఎక్కడ నిలబడుతుందో రాసుకోండి

ఆ బండి నడిపే డ్రైవర్‌ను కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. షిఫ్టుకు ఎన్ని గంటలు నిలబడి ఉంటుంది? అందులో ఇంజిన్ ఆపి ఎంతసేపు, ఐడిలింగ్‌లో (బండి కదలకుండా ఇంజిన్ నడుస్తూ) ఎంతసేపు? రాత్రి ఎంత, పగలు ఎంత? ఈ జవాబులు లేకుండా రాసిన ఎస్టిమేట్‌కు విలువ లేదు.

తిరుపతి టౌన్‌లో తిరిగే బండికి మైకు, సైరన్ ముఖ్యం. బ్రహ్మోత్సవాల రోజుల్లో జనాన్ని పక్కకు జరపడానికి సైరన్ కన్నా మైకే పనికొస్తుంది. చంద్రగిరి దాటి భాకరాపేట ఘాట్ వైపు, శేషాచలం అంచున తిరిగే బండికి సెర్చ్ లైటు, తాడు, గట్టి టైర్లు ముందు. చిత్తూరు - పలమనేరు హైవే మీద ఉండే బండికి వెనక నుంచి కనబడడమే ప్రాణం. కోన్లు, వెనక వైపు వెలుగు, రిఫ్లెక్టివ్ స్టిక్కర్ దానికి కావాలి. మూడింటికీ ఒకే లిస్టు కాపీ కొడితే ఒక బండిలో వాడని సామాను ఉంటుంది, ఇంకో బండిలో కావలసింది ఉండదు.

2. ఆంపియర్ల లెక్క వేయండి

కింది అంకెలు 12 వోల్టుల బండికి మామూలుగా వచ్చేవి. మీ సామాను మీది ప్లేట్ చూసి సరిచేసుకోండి. ప్లేట్ లేకపోతే డీసీ క్లాంప్ మీటర్ పెట్టి కొలవండి.

ఎల్‌ఈడీ లైట్ బార్ అన్ని మాడ్యూల్స్ వెలిగితే 12 ఆంపియర్ల దాకా లాగుతుంది. మామూలు ఫ్లాష్‌లో సగటు 5. 100 వాట్ల సైరన్ మోగేటప్పుడు 10. 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ సెట్ మాట్లాడేటప్పుడు 6, వినేటప్పుడు అర. సెర్చ్ లైటు 5. ట్యాబ్, డ్యాష్ కెమెరా, జీపీఎస్ ట్రాకర్ అన్నీ కలిపి 3. ఇవన్నీ ఒకేసారి నడిస్తే 36 ఆంపియర్లు.

దీనికి బండి సొంత ఖర్చు కలపాలి. హెడ్‌లైట్లు 8, ఏసీ బ్లోయర్, క్లచ్, ఫ్యాన్ కలిపి 20, వైపర్లు 5, ఇంజిన్ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్), ఫ్యూయల్ సిస్టమ్ 10. అంటే ఇంకో 43. మొత్తం 79.

ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మీద 90 ఆంపియర్లు అని రాసి ఉంటే సరిపోయిందని సంతోషపడొద్దు. ఆ 90 ఇంజిన్ వేగంగా తిరిగినప్పుడు ఇచ్చేది. ఐడిలింగ్‌లో రమారమి సగమే ఇస్తుంది, ఇంజిన్ వేడెక్కితే అదీ తగ్గుతుంది. నవంబర్ వానలో, రాత్రి, ఏసీ వేసుకుని, అన్ని లైట్లతో, సైరన్ మోగిస్తూ, సెట్‌లో మాట్లాడుతూ నిలబడిన బండికి 30 ఆంపియర్లకు పైగా లోటు పడుతుంది. ఆ లోటు తీర్చేది బ్యాటరీయే.

ఇప్పుడు ఇంజిన్ ఆపిన లెక్క. లైట్ బార్ సగటు 5, సెట్ అర, మిగతావి రెండున్నర: మొత్తం 8 ఆంపియర్లు. 75 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో సెల్ఫ్ కొట్టడానికి మిగల్చాలంటే 30 ఏహెచ్‌కు మించి వాడకూడదు. 30ని 8తో భాగిస్తే మూడు గంటల ముప్పావు. ఇది కొత్త బ్యాటరీ మాట. రెండు ఎండాకాలాలు చూసిన బ్యాటరీకి రెండు గంటలు గగనం.

3. రెండో బ్యాటరీ ఖర్చా, డీజిల్ ఖర్చా?

బ్యాటరీ దిగుతుందన్న భయంతో డ్రైవర్లు ఇంజిన్ ఆపరు. వాళ్ల తప్పేమీ లేదు, పిలుపు వచ్చినప్పుడు బండి కదలాలి. కానీ ఆ ఐడిలింగ్ డీజిల్ ఎస్టిమేట్‌లో ఎక్కడా కనబడదు, ఇంధనం పద్దులో కలిసిపోతుంది.

దాన్ని బయటికి తీయండి. ట్యాంకు నిండా కొట్టించి, ఏసీ ఆపి, లైట్లు వేసి రెండు గంటలు ఐడిలింగ్‌లో ఉంచి, అదే బంకులో అదే నాజిల్‌తో మళ్లీ నింపండి. గంటకు ముప్పావు లీటరు వచ్చిందనుకుందాం. రాత్రికి మూడు గంటలు అలా నడిస్తే రోజుకు 2.25 లీటర్లు, ఏడాదికి 821 లీటర్లు. లీటరు 97 రూపాయలు వేసుకున్నా దాదాపు 80 వేలు. రెండో బ్యాటరీ, దాని చార్జర్, కేబుల్ కలిపి అందులో మూడో వంతు కూడా కాదు. ఫైల్‌లో ఈ ఒక్క పేరా పెడితే ఆ సామానుకు మంజూరు తెచ్చుకోవడం సులువవుతుంది.

చార్జర్ ఎంపికలో జాగ్రత్త కావాలి. పాత బండ్లకు వోల్టేజీని బట్టి కలిపే రిలే చాలు. 13.3 వోల్టుల దగ్గర రెండు బ్యాటరీలను కలుపుతుంది, 12.8కి దిగితే విడదీస్తుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (కొత్త పొగ నియమాల) బండ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ వోల్టేజీని కంప్యూటర్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. అలాంటి బండికి రిలే పెడితే రెండో బ్యాటరీ ఎప్పటికీ నిండదు. వచ్చే వోల్టేజీ తగ్గినా రెండో బ్యాటరీకి కావలసినంత చేసి ఇచ్చే డీసీ-డీసీ చార్జర్ వేయాలి. రిలే కన్నా ధర ఎక్కువే, అయినా మిగుల్చుకోవాల్సిన చోటు ఇది కాదు.

బ్యాటరీ మన కరకంబాడిలో తయారైనదే కావచ్చు, అయినా డీలర్ అల్మారాలో ఎన్నాళ్లుందో చూడాలి. తయారీ తేదీ మూడు నెలలు దాటితే వద్దనండి. రెండో బ్యాటరీ డీప్ సైకిల్ రకం (బాగా దించి మళ్లీ నింపడానికి చేసినది) అయితే మేలు. మామూలు స్టార్టింగ్ బ్యాటరీని రోజూ సగానికి దించితే ఏడాది తిరగకుండానే పోతుంది. క్యాబిన్ లోపల పెట్టేటట్టయితే సీల్డ్ రకమే, అదీ ఇనుప ట్రేలో బోల్టు వేసి.

4. వైరింగ్: డబ్బు కలిసొచ్చేదీ, పోయేదీ ఇక్కడే

కేబుల్ మందం చూడకుండా కొనొద్దు. బ్యాటరీ నుంచి వెనక డిస్ట్రిబ్యూషన్ బాక్స్ దాకా 4 మీటర్లనుకుందాం. 30 ఆంపియర్లు పోతే 2.5 స్క్వేర్ ఎంఎం వైరులో 0.83 వోల్టు దారిలోనే పోతుంది. 6 స్క్వేర్‌లో 0.34, 10 స్క్వేర్‌లో 0.21. బ్యాటరీ 12.2 దగ్గర ఉన్నప్పుడు ఆ 0.83 పోతే సామానుకు 11.4 కూడా అందదు. మైకు పట్టుకుని బటన్ నొక్కగానే వైర్‌లెస్ సెట్ ఆగిపోయి మళ్లీ ఆన్ అవుతుంది. సెట్ పాడైందని సర్వీసుకు పంపుతారు, అక్కడ బాగానే ఉందని తిరిగొస్తుంది. లోపం వైరులో ఉంటుంది. మెయిన్ లైనుకు 10 స్క్వేర్ రాయండి. బాక్స్ నుంచి లైట్ బార్‌కు 4, సైరన్‌కు 4, మిగతా చిన్న సామానుకు 1.5 చాలు.

మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీ టెర్మినల్‌కు 30 సెంటీమీటర్ల లోపే ఉండాలి. వెనక బాక్స్‌లో ఎన్ని ఫ్యూజులున్నా, బ్యాటరీకీ బాక్స్‌కూ మధ్య వైరు రేకుకు ఒరుసుకుని షార్ట్ అయితే బండి తగలబడుతుంది. మెయిన్ 60 ఆంపియర్లు, ఆ తర్వాత ఒక్కో సామానుకు ఒక్కో బ్లేడ్ ఫ్యూజ్. లైట్ బార్, సైరన్ స్విచ్‌లు రిలే ద్వారానే నడవాలి. 40 ఆంపియర్ల రిలేలు నాలుగు, అదనంగా ఒకటి స్పేర్ రాసుకోండి.

ఎర్త్ విషయంలో ఒక మాట. బీఎస్-6 బండ్లలో చాలావాటికి బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద కరెంటును కొలిచే చిన్న సెన్సార్ ఉంటుంది. మీ సామాను ఎర్త్‌ను నేరుగా ఆ టెర్మినల్‌కు బిగిస్తే ఆ కరెంటు సెన్సార్ లెక్కలోకి రాదు, చార్జింగ్ తప్పుతుంది. బాడీకి ఎర్త్ ఇవ్వండి. పెయింట్ గీకి, నక్షత్రపు వాషర్ వేసి, బిగించాక పైన పెయింట్ పూయండి. సీటు బోల్టు కింద ఎర్త్ ఇవ్వొద్దు, సీటు ఊడదీసిన రోజు అది తిరిగి బిగియదు.

కంపెనీ హార్నెస్‌ను (బండితో వచ్చిన వైర్ల కట్టను) బ్లేడు పెట్టి కోసి ట్యాపింగ్ తీసుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. దాన్ని ఎస్టిమేట్‌లోనే నిషేధించండి. వారంటీ పోతుంది, ఈసీయూలో ఎర్రర్లు వస్తాయి. ఇగ్నిషన్ సిగ్నల్ కోసం ఫ్యూజ్ బాక్స్‌లో ఖాళీ చోట యాడ్-ఎ-ఫ్యూజ్ (అదనపు లైను తీసుకునే అడాప్టర్) దూర్చండి.

రాయాల్సిన చిన్న సామాను ఇది: క్రింపింగ్ లగ్‌లు, జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్, కోరుగేటెడ్ పైపు 15 మీటర్లు, గ్రోమెట్లు, కేబుల్ టైలు, నంబర్ వేసిన ట్యాగ్‌లు, కవర్ ఉన్న ఫ్యూజ్ బాక్స్, 12 వోల్టుల దగ్గర కట్ చేసే లో-వోల్టేజ్ కట్-ఆఫ్. ఇన్సులేషన్ టేపును ఈ జాబితాలో కావాలనే చేర్చలేదు. మే నెల రేణిగుంట ఎండకు దాని జిగురు కారి ఊడిపోతుంది.

5. ఒక్కో సామాను దగ్గర చూడాల్సింది

లైట్ బార్ కోసం టాప్‌కు రంధ్రాలు వేయనివ్వకండి. గట్టర్ క్లాంపులతో బిగించండి. కేబుల్ లోపలికి దిగే చోట ఒక వంపు కిందికి వేలాడాలి, లేకపోతే ఈశాన్య రుతుపవనాల వాన ఆ వైరు పట్టుకుని నేరుగా డ్యాష్‌బోర్డులోకి దిగుతుంది. రాత్రికి వెలుగు తగ్గించే మోడ్ ఉన్నదే కొనండి. ఘాట్ మలుపులో మంచు పట్టినప్పుడు పూర్తి వెలుగుతో నిలబడితే ఎదురొచ్చే డ్రైవర్‌కు కళ్లు బైర్లు కమ్ముతాయి.

సైరన్ స్పీకర్ ముందు గ్రిల్ వెనక పెట్టండి. టాప్ మీద పెడితే లోపలున్నవాళ్లకు సెట్‌లో మాట వినబడదు, ఏళ్ల తరబడి ఆ డ్యూటీ చేసినవాళ్ల చెవులూ పోతాయి. 100 వాట్ల ఆంప్లిఫయర్‌కు 11 ఓమ్‌ల స్పీకర్ ఒక్కటే. రెండోది సమాంతరంగా కలిపితే 5.5 ఓమ్‌లు అవుతుంది, ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ కాలుతుంది. రెండు కావాలంటే 200 వాట్లది రాయండి.

వైర్‌లెస్ సెట్‌ను చాలాసార్లు కమ్యూనికేషన్స్ వింగే ఇస్తుంది. ముందు అడిగి, ఇస్తే ఆ పద్దు కొట్టేయండి. యాంటెన్నా, కేబుల్, బిగింపు మాత్రం మీ మీదే పడతాయి. 150 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం యాంటెన్నా పొడవు అర మీటరు. టాప్ మధ్యలో, లైట్ బార్‌కు కనీసం 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. చవక ఎల్‌ఈడీ డ్రైవర్లు రేడియో రొద పుట్టిస్తాయి. లైట్ బార్ కొనేముందే పరీక్షించండి: సెట్ స్క్వెల్చ్ (రొదను అణిచే ఏర్పాటు) తెరిచి, దూరపు స్టేషన్ మాట వింటూ లైట్లు వేసి ఆపండి. లైట్లు వేయగానే మాట మునిగిపోతే ఆ లైట్ బార్ వద్దు. బిగించాక ఎస్‌డబ్ల్యుఆర్ (యాంటెన్నా నుంచి సిగ్నల్ ఎంత వెనక్కి తిరిగొస్తుందో చెప్పే కొలత) 1.5 లోపు ఉండాలి.

శేషాచలం మలుపుల్లో సిగ్నల్ అందడం లేదని 25 వాట్ల సెట్ తీసి 50 వాట్లది వేయమంటారు. వాటేజీ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. కొండ అడ్డం ఉన్నచోట అది ఏమీ చేయదు, కరెంటు మాత్రం రెట్టింపు లాగుతుంది. అక్కడ కావలసింది సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే రిపీటర్, అది బండి ఎస్టిమేట్‌లోది కాదు.

డ్యాష్ కెమెరా లిథియం బ్యాటరీది కొనకండి. ఎండలో మూసి ఉంచిన క్యాబిన్ వేడికి అది ఉబ్బుతుంది. సూపర్ కెపాసిటర్ రకం అడగండి, కార్డు హై-ఎండ్యూరెన్స్‌ది.

వెనక డిక్కీకి: 750 మిల్లీమీటర్ల కోన్లు హైవే బండికి 10, టౌన్ బండికి 6. రెండు కిలోల ఏబీసీ ఫైర్ సిలిండర్ ఐఎస్ 15683 గుర్తుతో, బ్రాకెట్‌లో బిగించి. ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మడతపెట్టే స్ట్రెచర్, గడ్డపార, బోల్ట్ కట్టర్, రిఫ్లెక్టివ్ జాకెట్లు సిబ్బందికి తలా ఒకటి, చార్జింగ్ టార్చ్‌లు రెండు. ఘాట్ బండికి 30 మీటర్ల తాడు, లోయలోకి దిగాల్సి వచ్చినప్పుడు 15 మీటర్ల తాడు చాలదు. ఏదీ వదులుగా పడేయొద్దు. బండి గుద్దుకున్న క్షణంలో డిక్కీలోని సిలిండరే ముందుకొచ్చి తల పగలగొడుతుంది. కాబట్టి వెనక సీటు వెనక ఇనుప జాలీ పార్టిషన్ ఎస్టిమేట్‌లో ఉండాలి.

పోలీసుల బ్లూ కోల్ట్స్ గస్తీ మోటార్‌సైకిళ్లకు ఈ జాబితా కుదించి వేయకండి. వాటి బ్యాటరీ చిన్నది. లైటు 2 ఆంపియర్ల లోపు, సైరన్ 30 వాట్లు, వైర్‌లెస్ చేతి సెట్టే. అంతకు మించితే సెల్ఫ్ కొట్టదు.

6. రూలు అడ్డం వచ్చేచోట్లు

ఎరుపు, నీలం, తెలుపు కలిసిన లైటు కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 108వ రూల్ కింద, 2017 మే 1 నుంచి, నిర్దేశించిన అత్యవసర విధుల వాహనాలకే. విరాళంగా ఇచ్చే బండి పోలీసు శాఖ పేర రిజిస్టర్ కాకముందు లైటు వెలిగించి రోడ్డెక్కించకండి, షోరూం నుంచి కవర్ కప్పి తీసుకెళ్లండి. సైరన్‌కు 119వ రూల్ మినహాయింపు ఉంది.

ముందు లావుపాటి ఇనుప క్రాష్ గార్డ్ మాత్రం వద్దు. 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ దాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉల్లంఘనగా చెప్పింది. అంతకన్నా పెద్ద కారణం ఎయిర్‌బ్యాగ్. గుద్దు దెబ్బ సెన్సార్‌కు సరిగ్గా చేరకపోతే ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోదు. లోపల కూర్చునేది కానిస్టేబుళ్లు. ఆ డబ్బు వెనక పార్టిషన్‌కు మళ్లించండి.

7. ఎస్టిమేట్ కాగితం

లెక్క ఎలా కుదురుతుందో చూపడానికి కొన్ని రేట్లు వేసుకుందాం, మీ కొటేషన్లు వచ్చాక మార్చండి. లైట్ బార్ 28,000. సైరన్, స్పీకర్, మైకు 9,000. వైర్‌లెస్ సెట్, యాంటెన్నా 45,000. కెమెరా, ట్రాకర్ 16,000. రెండో బ్యాటరీ, చార్జర్, కేబుల్ 24,000. వైరింగ్ సామాను 9,000. బిగింపు కూలి 12,000. స్టిక్కర్ 11,000. డిక్కీ సామాను, పార్టిషన్ 22,000. మొత్తం 1,76,000. 18 శాతం జీఎస్‌టీ 31,680 కలిపితే 2,07,680.

ఇందులో వైరింగ్, కూలి కలిపి 21,000, అంటే పన్నెండు శాతం. ఎవరైనా దీన్ని మూడు శాతానికి కుదించి కొటేషన్ ఇస్తే సన్న వైరు, టేపు వేస్తారని అర్థం. ధర తక్కువని ఒప్పుకోకుండా, కేబుల్ సైజు, లగ్‌లు, ఫ్యూజ్ చోటు స్పెసిఫికేషన్‌లోనే రాసేయండి. అప్పుడు అందరికన్నా తక్కువ రేటు వేసి ఎల్-1గా వచ్చినవాడు కూడా ఆ పనే చేయాలి.

పాత ఫైల్ కాపీ కొట్టేటప్పుడు పన్ను చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి బ్యాటరీలు, మోటారు విడిభాగాల మీద 28 శాతం బదులు 18 శాతమే. లక్ష రూపాయల సామాను మీద పదివేలు తేడా.

కొన్న తర్వాతి ఖర్చు అదే కాగితంలో, వేరే వరసలో రాయండి. ఏడాదికి సిమ్, ట్రాకర్ చందా 3,000, మెమరీ కార్డు 1,500, బ్యాటరీ మార్పు వాటా 6,000, స్టిక్కర్ వాటా 3,700: మొత్తం 14,200. ఐదేళ్లకు 71,000. విరాళం ఇచ్చేవాళ్లతో ఈ మాట మొదటే తేల్చుకోవాలి. తాళాలు అందుకున్న ఫొటో అయిపోయాక సిమ్ రీచార్జి ఎవరు చేయిస్తారో తెలియక ట్రాకర్లు మూగబోతాయి. ప్రభుత్వ వాహనాలకు మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ కింద బీమా మినహాయింపు ఉంది కాబట్టి, బీమా తీసుకోని బండి గుద్దుకుంటే లైట్ బార్ డబ్బు తిరిగిరాదు. పది బండ్లకు ఒక లైట్ బార్, ఒక సైరన్ స్పేర్‌గా రాసుకోండి.

8. బిల్లు పాస్ చేసేముందు

రాత్రిపూట, ఇంజిన్ ఐడిలింగ్‌లో, హెడ్‌లైట్లు, ఏసీ, లైట్ బార్ వేసి, సైరన్ మోగిస్తూ, సెట్‌లో మాట్లాడుతూ వెనక బాక్స్ దగ్గర వోల్టేజీ కొలవండి. 13.2 పైన ఉంటే మంచిది. 12.8 కిందికి పడితే బ్యాటరీ దిగుతోందన్నమాట, పదిహేను నిమిషాలు అలాగే ఉంచి ఎంత జారుతుందో రాసుకోండి. తర్వాత అన్నీ ఆపి, తాళం తీసి, అరగంట ఆగి బ్యాటరీ నుంచి ఎంత కరెంటు పోతోందో చూడండి. 50 మిల్లీఆంపియర్లు దాటితే ఏదో ఆగలేదు. ఒక్కో ఫ్యూజ్ పీకుతూ పోతే దొరుకుతుంది. పైపు పెట్టి టాప్ మీద పది నిమిషాలు నీళ్లు కొట్టి, డ్యాష్ కింద చేయి పెట్టి తడి చూడండి.

వైరింగ్ బొమ్మ, ఫ్యూజుల పట్టిక తెలుగులో రాయించి, ల్యామినేషన్ చేసి గ్లవ్ బాక్స్‌లో పెట్టించండి. రాత్రి రెండు గంటలకు ఫ్యూజ్ మార్చేది ఎలక్ట్రీషియన్ కాదు, డ్రైవర్. సీరియల్ నంబర్లు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించండి. వారంటీ బిగించిన తేదీ నుంచి మొదలవుతుందని ఆర్డర్‌లోనే రాయించుకోండి. లేకపోతే ఏడాది వారంటీ ఉండి స్టోర్‌లో ఎనిమిది నెలలు మూలపడిన లైట్ బార్‌కు బండెక్కే నాటికి నాలుగు నెలల వారంటీయే మిగులుతుంది.

బిల్లులో ఐదు శాతం ఆపండి. ఘాట్ రోడ్డు కుదుపులకు క్లాంపులు, లగ్‌లు మొదటి వెయ్యి కిలోమీటర్లలోనే వదులవుతాయి. బిగించినవాళ్లే వచ్చి అన్నీ మళ్లీ బిగించి, వోల్టేజీ మళ్లీ కొలిచి సంతకం పెట్టిన కాగితం చేతికొచ్చాకే ఆ ఐదు శాతం విడుదల చేయండి.